అనితా ముయిని ‘హాంకాంగ్ కూతురు’ అని ఎందుకంటారు? ఆమె పాటలు ఎక్కడి నుంచి వినడం మొదలుపెట్టాలి?

వాల్తేరు శ్రోత:

అందరికీ నమస్కారం. హాంకాంగ్ జనం మాట్లాడే చైనా భాష కాంటనీస్‌లో పాడిన పాప్ గాయని అనితా ముయి జీవితం మీద 2021లో ‘అనిత’ అనే హాంకాంగ్ సినిమా వచ్చింది. దాన్ని ఈ మధ్య ఉపశీర్షికలతో చూశాను. అంతకు ముందు నాకు ఆమె పేరు కూడా తెలియదు. తెల్లని పెళ్ళిగౌను వేసుకుని ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయే ఘట్టం చూశాక మనసు ఊరుకోక, ఆ రాత్రే అసలు కచేరీ వీడియో వెతికి చూశాను. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆ పాట పూర్తయ్యాక చాలాసేపు మరో పాట పెట్టుకోబుద్ధి కాలేదు.

అక్కడి జనం ఆమెను ‘హాంకాంగ్ కూతురు’ అని పిలుచుకుంటారని చదివాను. ఎందరో పెద్ద గాయకులున్న ఆ నగరంలో ఆ పేరు ఈమెకే ఎందుకు దక్కిందో తెలిసినవారు చెప్పగలరా? ఇంకొక సందేహం కూడా ఉంది. ఆమె పేరుపొందిన పాటల్లో కొన్నింటి బాణీలు జపాన్ పాటల నుంచి వచ్చినవట. బాణీ ఎక్కడిదో తెలిసి కూడా ఆ పాటలను అక్కడివాళ్ళు పూర్తిగా తమవిగా ఎలా భావిస్తారు? తప్పు పట్టాలని అడగడం లేదు, నిజంగా అర్థం చేసుకోవాలని అడుగుతున్నాను. భాష రాని నాలాంటివాడు ఏ పాటలతో మొదలుపెడితే బాగుంటుందో కూడా దయచేసి చెప్పండి.

రేవుపట్నం:

వాల్తేరు శ్రోత గారూ, నేను 2002 నుంచి ఏడేళ్ళపాటు ఉద్యోగరీత్యా హాంకాంగ్‌లో ఉన్నాను. నివాసం హుంగ్ హోమ్‌లో. ఆమె చివరి కచేరీలు జరిగిన కొలీసియం మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉండేది. అందువల్ల మీ మొదటి సందేహానికి కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

అనితా ముయి 1963 అక్టోబరు 10న హాంకాంగ్‌లో పుట్టారు. కాంటనీస్‌లో ఆమె పేరు ముయి యిమ్ ఫాంగ్. అక్కడ ఇంటిపేరు ముందు వస్తుంది, మనకు లాగానే. నలుగురు పిల్లల్లో ఆమె ఆఖరివారు. తండ్రి ఆమె పసితనంలోనే పోయారు. తల్లి ఆటపాటల బృందం నడిపి ఇల్లు లాక్కొచ్చేవారు. అక్క ఆన్‌తో కలిసి అనిత వేదిక ఎక్కేనాటికి సరిగా ఐదేళ్ళు కూడా నిండలేదు. ఆ వేదిక ఏ సంగీత సభలోనిదో కాదు. లాయ్ చీ కోక్ అనే చోట సామాన్య జనం సెలవు రోజుల్లో వెళ్ళే వినోద ఉద్యానం ఒకటి ఉండేది. రంగులరాట్నాలు, ఏనుగు ఉన్న చిన్న జంతుశాల, రకరకాల ప్రదర్శనలు అన్నీ ఒకే ఆవరణలో ఉండే చోటు అది. 1997లో మూతపడింది. మన సురభి కుటుంబాల్లో పిల్లలు ఊహ తెలిసేలోపే ముఖానికి రంగు వేసుకున్నట్లే ఈ అక్కాచెల్లెళ్ళు పాటలోకి వచ్చారు. అయితే సురభి పిల్లలకు తమ సమాజం పేరు ఒక గౌరవంగా వెంట ఉండేది. వీళ్ళకు ఆ ఆసరా లేదు. రాత్రి క్లబ్బుల్లో పాడి పొద్దున్నే బడికి వెళ్ళే ఆడపిల్లను ఆ రోజుల్లో లోకం ఎలా చూస్తుందో మీరు ఊహించగలరు. ఆమె చదువు హైస్కూలు మధ్యలోనే ఆగిపోయింది.

ఆ గొంతు గురించి ఇక్కడే చెప్పాలి. అదుపు లేకుండా పాడడం వల్ల పదిహేనేళ్ళ ప్రాయంలో ఆమె స్వరతంత్రుల మీద కాయలు కట్టాయి. కొంతకాలం పాట మానుకోవలసి వచ్చింది. తిరిగి పాడడం మొదలుపెట్టేసరికి గొంతు బాగా కిందికి దిగిపోయింది. ఆడవారి గొంతు అంటే పైస్థాయిలో తేటగా పలకాలని అందరూ అనుకునే కాలంలో, మంద్రంలో బరువుగా, కొంచెం పొగచూరినట్టు పలికే ఆ గొంతు ఆమెకు ప్రత్యేకత అయింది. వీడియోలో మీరు విన్నది ఆ గొంతునే.

1982లో అక్కడి ప్రధాన టెలివిజన్ సంస్థ టీవీబీ, కాపిటల్ ఆర్టిస్ట్స్ అనే రికార్డుల సంస్థ కలిసి కొత్త గాయకుల పోటీని మొదటిసారిగా జరిపాయి. మూడు వేలకు పైగా పోటీదారులు వచ్చారు. పద్దెనిమిదేళ్ళ అనిత అప్పటికే పేరున్న గాయని పౌలా చుయ్ పాటను ఎంచుకుని పాడి మొదటి స్థానం గెలిచారు. అంతవరకు క్లబ్బుల్లో పొట్టకోసం పాడిన పిల్ల అని చిన్నచూపు చూసిన నగరం ఆ రాత్రి టెలివిజన్‌లో ఆమెను చూసింది. అనుభవం లేని కొత్త గాయనిగా పోటీకి వచ్చినా, ఆమె వెనుక పద్నాలుగేళ్ళ వేదిక అనుభవం ఉంది. మైకు పట్టుకునే తీరులోనే అది తెలిసిపోతుంది.

తరువాతి ఏడెనిమిదేళ్ళలో ఆమె ఎదిగిన వేగం ఆశ్చర్యం కలిగిస్తుంది. 1985లో వచ్చిన ‘చెడ్డ పిల్ల’ పాటతో ఆమె అంతవరకు ఉన్న గాయని రూపాన్ని పక్కన పెట్టేశారు. తోలు జాకెట్టు, భుజాలు పొడుచుకొచ్చిన కోటు, మగవాళ్ళ సూటు, ఆ తరువాత ఎడారి రాణి వేషం అంటూ ప్రతి ఆల్బమ్‌కూ ఒక కొత్త మనిషిగా కనిపించేవారు. ఈ దుస్తులను రూపొందించిన ఎడ్డీ లావ్ చివరి కచేరీ దాకా ఆమె వెంటే ఉన్నారు. ‘నూరు రూపాల ముయి’ అన్న పేరు ఆమెకు అలా వచ్చింది. కొందరు ‘తూర్పు మడోనా’ అని కూడా రాస్తుంటారు. నాకు ఆ మాట నచ్చదు. మడోనాను చూసి ఆమె తయారు కాలేదు. జాతర వేదిక మీద జనం చూపు పక్కకు పోకుండా నిలబెట్టుకోవడం ఐదేళ్ళ వయసు నుంచి నేర్చుకున్న పిల్ల ఆమె. 1985 నుంచి 1989 వరకు వరుసగా ఐదేళ్ళు టీవీబీ ఉత్తమ గాయని పురస్కారం ఆమెదే. 1987-88లో కొలీసియంలో 28 కచేరీలు చేశారు. ఆ భవనంలో దాదాపు 12,500 మంది కూర్చుంటారు. మధ్యలో వేదిక, చుట్టూ నాలుగు వైపులా జనం. ఎటు తిరిగినా ఎవరో ఒకరికి వీపు చూపించక తప్పని వేదిక మీద 28 రాత్రులు జనాన్ని కట్టిపడేయడం సామాన్యమైన పని కాదు. 1990ల ఆరంభంలో ఆమె ఇక పోటీ పురస్కారాలు తీసుకోనని, కొత్తవారికి దారి వదలాలని ప్రకటించారు. ఆండీ హుయ్, ‘గ్రాస్‌హాపర్’ బృందం, డెనిస్ హో వంటివారు ఆమెను గురువుగా చెప్పుకున్నారు.

కానీ ఇంత పేరు వచ్చినంత మాత్రాన ఎవరినీ ‘మా కూతురు’ అనరు. నగరానికి కష్టం వచ్చినప్పుడల్లా ఆమె ముందు నిలబడ్డారు. 1989 మే 27న ప్రజాస్వామ్యం కోసం ఉద్యమించిన బీజింగ్ విద్యార్థులకు మద్దతుగా హ్యాపీ వ్యాలీ గుర్రప్పందేల మైదానంలో జరిగిన భారీ కచేరీలో ఆమె పాల్గొన్నారు. 1993లో తన పేరిట ధర్మసంస్థను నెలకొల్పారు. అదే ఏడాది ఏర్పడిన కళాకారుల సంఘం వ్యవస్థాపకుల్లో ఆమె ఒకరు, తరువాత దానికి అధ్యక్షత కూడా వహించారు. ఇక 2003 సంగతి నేను కళ్ళారా చూశాను. సార్స్ అనే అంటు శ్వాసవ్యాధి ఆ చిన్న నగరంలో 299 మంది ప్రాణాలు తీసింది. వీధిలో మాస్కు లేని ముఖం కనబడేది కాదు. లిఫ్టు మీటలను గంటగంటకూ బ్లీచింగ్ ద్రావణంతో తుడిచేవారు. ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి 99 పాళ్ళ నీళ్ళు కలపాలని ప్రభుత్వం చెప్పిన లెక్కనే పేరుగా పెట్టి, ‘1:99’ కచేరీని ఆ ఏడాది మే 24న బాధిత కుటుంబాల సాయానికి ఏర్పాటు చేయడంలో ఆమె ముందున్నారు. అంతకు రెండు నెలలు కూడా కాకముందే, ఏప్రిల్ 1న, ఆమె ప్రాణమిత్రుడు, గాయకుడు, నటుడు లెస్లీ చ్యూంగ్ ఆత్మహత్య చేసుకున్నారు. ఆమె అప్పటికే జబ్బుతో ఉన్నారన్న సంగతి మాకెవరికీ తెలియదు.

సెప్టెంబరు 5న ఆమె విలేకరుల ముందుకు వచ్చి తనకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని స్వయంగా చెప్పారు. అక్క ఆన్ 2000లో అదే వ్యాధితో పోయారు. నవంబరులో కొలీసియంలో ఎనిమిది కచేరీలు చేశారు. ఆఖరిది నవంబరు 15న. నాకు టిక్కెట్టు దొరకలేదు. ఆ రాత్రి హుంగ్ హోమ్ రైల్వే స్టేషను దగ్గర కచేరీ విడిచి వస్తున్న జనాన్ని చూశాను. అన్ని వేలమంది నడుస్తున్నా అడుగుల చప్పుడు తప్ప మాట వినబడలేదు. డిసెంబరు 30న ఆమె కన్నుమూశారు. వయసు 40 ఏళ్ళు. ఏడాది పొడవునా చావు కబుర్లు వింటూ వచ్చిన నగరం, ఆ ఏడాది ముగియడానికి ఒక్క రోజు ముందు ఆమెను పోగొట్టుకుంది. కూతురు అన్న మాట పత్రికల్లో కనబడేసరికే అది ఇళ్ళలో స్థిరపడిపోయింది.

స్వరాక్షరం:

రేవుపట్నం గారు జీవితం గురించి నిండుగా రాశారు. నేను బాణీల సందేహానికి పరిమితమవుతాను. నేను భాషాశాస్త్రం బోధిస్తాను. కాంటనీస్ మాట్లాడే సహోద్యోగితో కొన్నేళ్ళు కలిసి పనిచేసినప్పుడు ఈ పాటల రచన గురించి చాలా తెలుసుకున్నాను. బాణీ అరువు తెచ్చుకున్నదే అయినా పాట సొంతం ఎలా అవుతుందన్న ప్రశ్నకు జవాబు ఆ భాష స్వభావంలోనే ఉందని నా అభిప్రాయం.

కాంటనీస్‌లో ఆరు స్వరభేదాలున్నాయి. ఒకే అక్షరం పలికే ఎత్తును బట్టి అర్థం మారిపోతుంది. ‘సి’ అనే అక్షరాన్ని ఎత్తులో నిలకడగా పలికితే కవిత, ఎత్తుకు లేపుతూ పలికితే చరిత్ర, మధ్యలో నిలిపితే ప్రయత్నించడం, అట్టడుగుకు దించితే సమయం, కింది నుంచి కొద్దిగా లేపితే అంగడి, కిందనే నిలిపితే ‘అవును, అదే’ అన్న అర్థం వస్తాయి. మనకు ఇది కొత్తగా తోచవచ్చు కానీ పూర్తిగా పరాయి విషయం కాదు. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని యాగం చేసిన త్వష్ట మంత్రంలో స్వరం తప్పి పలకడంతో అర్థం తలకిందులై, ఇంద్రుడి చేతిలో చచ్చే కొడుకు పుట్టిన కథ మనందరం విన్నదే. వేదంలో ఉదాత్త అనుదాత్తాల విషయంలో అంత జాగ్రత్త ఎందుకో ఆ కథ చెబుతుంది. కాంటనీస్ మాట్లాడేవారు ఆ జాగ్రత్తను రోజూ కూరగాయల బేరంలో కూడా పాటిస్తారు.

ఇప్పుడు దీన్ని పాటకు అన్వయించి చూడండి. తెలుగులో బాణీకి పాట రాసే కవి ముఖ్యంగా గురులఘువులు చూసుకుంటాడు. సాగే చోట దీర్ఘం పడితే, తాళం పడే చోట మాట విరగకుండా ఉంటే పాట కుదురుతుంది. కాంటనీస్ కవికి అది చాలదు. బాణీ పైకి వెళ్ళే చోట ఎత్తున పలికే మాట, కిందికి దిగే చోట కింద పలికే మాట పడి తీరాలి. లేకపోతే పాడినప్పుడు వినేవాడికి వేరే మాట వినబడుతుంది. చైనా ప్రామాణిక భాష మండరిన్‌లోని పాటలో ఈ పట్టింపు అంతగా ఉండదు, రాగం మాట స్వరాన్ని మింగేసినా సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. కాంటనీస్‌లో మాత్రం ఆ సడలింపు లేదు. మన కర్ణాటక సంగీతంలో స్వరాక్షరం అనే అలంకారం ఉంది కదా, స్వరం పేరూ సాహిత్యాక్షరమూ ఒకే చోట కలవడం. అక్కడ అది ఎప్పుడో ఒకసారి మెరిసే చమత్కారం. కాంటనీస్ పాటలో అటువంటి కలయిక ప్రతి అక్షరానికీ తప్పనిసరి. అందుకే అక్కడ బాణీకి రాయడాన్ని ‘మాటలు నింపడం’ అంటారు. మనవాళ్ళు తత్తకారంతో లయ కట్టుకున్నట్టు, అక్కడి కవుల్లో కొందరు కాంటనీస్ అంకెలను పాడుకుంటూ బాణీ ఎత్తుపల్లాలను గుర్తు పెట్టుకుంటారు. సున్నా, రెండు, నాలుగు, మూడు అన్న మాటలు ఆ భాషలో వరుసగా కింది నుంచి పైకి వెళ్ళే నాలుగు ఎత్తుల్లో పలుకుతాయి. ఆ అంకెల వరుసకు సరిపోయే మాటలు వెతకడమే పాట కట్టడం.

కాబట్టి జపాన్ బాణీ హాంకాంగ్‌కు వచ్చినప్పుడు అనువాదం అన్నది దాదాపు అసాధ్యం. అసలు పాట అర్థాన్ని వదిలేసి, ఆ ఎత్తుపల్లాల్లో కాంటనీస్ ఏ మాటలను ఇముడ్చుకోగలదో ఆ మాటలతో కొత్త పాట పుట్టించవలసిందే. దీనికి గొప్ప ఉదాహరణ మీరు విన్న ఆ చివరి పాటే. ‘అస్తమయ గీతం’ అని చెప్పుకోదగిన ఆ పాట బాణీ జపాన్ స్వరకర్త కోజి మకాయినోది. జపాన్‌లో 1989లో మసహికో కొండో పాడారు. అదే ఏడాది హాంకాంగ్‌లో అదే బాణీని ఇద్దరు గాయనులు వేర్వేరు సాహిత్యాలతో పాడారు. అనితా ముయి పాటను రాసినది చాన్ సియు కే. ప్రిసిల్లా చాన్ పాటను రాసినది లామ్ చున్ కియుంగ్, అనిత ‘చెడ్డ పిల్ల’ పాట కూడా ఆయనదే. ప్రిసిల్లా చాన్ అప్పుడు చదువు కోసం అమెరికా వెళ్ళబోతున్నారు. అందుకు తగ్గట్టు ఆమె పాట మిత్రుల వీడ్కోలు గీతమైంది. అనిత పాట మాత్రం అస్తమించే పొద్దు వెలుగు ఒక్క ఊపిరి పాటే ఉంటుందన్న భావంతో మొదలై, గెలుపోటముల మధ్య గడిచిన బతుకును వెనుదిరిగి చూసుకుంటుంది. బాణీ ఒకటే, భావాలు రెండు. ఏది గొప్పది అని నగరమంతా చీలిపోయి వాదించుకుంది. ఆ ఏడాది టీవీబీ స్వర్ణగీతాల్లో అత్యున్నత బహుమతి అనిత పాటకు దక్కింది. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. నా మొగ్గు అనిత పాట వైపే, ఎందుకంటే మంద్రంలో మొదలయ్యే ఆ బాణీ ఆమె గొంతులో ఉన్న బరువును అడుగుతుంది.

1980ల్లో జపాన్ బాణీలు అంతగా ఎందుకు వచ్చాయంటే, ఏడాదికి ఒకటికి మించి ఆల్బమ్‌లు అడిగే మార్కెట్టుకు స్థానిక స్వరకర్తలు చాలలేదు, జపాన్ పాటల హక్కులు కొనడం సులువైన దారి అయింది. కానీ కొనుక్కున్నది బాణీని మాత్రమే, ఆ పాట మాట్లాడిన భాష హాంకాంగ్‌ది. మరొక విశేషం కూడా ఉంది. ఈ పాటల సాహిత్యం ఎక్కువగా ప్రామాణిక చైనీస్ రాతభాషలో ఉంటుంది, పలకడం మాత్రం కాంటనీస్‌లో. వీధిలో ఎవరూ అలా మాట్లాడరు. మన పాత సినిమా పాటల్లో గ్రాంథికపు మాటలు సహజంగా ఒదిగిపోయినట్టే అక్కడా ఒదిగిపోయాయి.

వాల్తేరు శ్రోత:

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్వరాక్షరం గారు చెప్పిన తరువాత రెండు పాటలనూ వెంటవెంటనే విన్నాను. ఒకే బాణీ అని తెలిసి కూడా రెండోసారి వినేదాకా పోల్చుకోలేకపోయాను. ఆమె నటిగా కూడా పురస్కారాలు పొందారని సినిమాలో చూపించారు. ఆ చిత్రాల గురించి తెలిసినవారు చెబితే బాగుంటుంది.

మొదటి ఆట:

నేను పాట వినేవాణ్ణి కాను, సినిమా చూసేవాణ్ణి. అనితా ముయిని నేను మొదట నటిగానే ఎరుగుదును. ఆమె నలభైకి పైగా చిత్రాల్లో నటించారు. వాటిలో చాలా భాగం హాస్యం, పోరాటాలు కలిసిన కాలక్షేప చిత్రాలు, జాకీ చాన్ పక్కన చేసినవి కూడా అందులో ఉన్నాయి. వాటిని వదిలేసి ఒక్క చిత్రం గురించి చెబుతాను. స్టాన్లీ క్వాన్ దర్శకత్వంలో 1988 జనవరిలో హాంకాంగ్‌లో విడుదలైన ‘రూజ్’.

కథ ఇది. 1930ల హాంకాంగ్‌లో ఒక వేశ్య, ధనవంతుల ఇంటి అబ్బాయి ప్రేమించుకుంటారు. అతని కుటుంబం ఒప్పుకోదు. ఇద్దరూ నల్లమందు మింగి కలిసి చనిపోవాలనుకుంటారు. ఆమె చనిపోతుంది. పరలోకంలో అతని కోసం యాభై ఏళ్ళు ఎదురుచూసి, అతను రాకపోవడంతో, దయ్యమై 1987 నాటి హాంకాంగ్‌కు వచ్చి పత్రికలో ప్రకటన వేయించబోతుంది. వెతకవచ్చిన నగరంలో ఆమెకు తెలిసిన వీధి లేదు, తాను బతికిన మేడ లేదు, నాటకశాల లేదు. ఆ పాత్రలో అనితా ముయి, అబ్బాయిగా లెస్లీ చ్యూంగ్. ఆమె అప్పటికి ఇరవై నాలుగేళ్ళ పాప్ తార. ఆ సినిమాలో ఒక్క చోట కూడా పాప్ తార కనబడదు. కనురెప్ప ఎత్తడానికి ఆమె తీసుకునే వ్యవధి, చెయ్యి కదలికలో ఉన్న నిదానం, వెనకటి కాలపు మనిషి ఈ కాలంలో నడిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మొదట్లోనే మగవేషంలో పాట పాడుతూ ఆ అబ్బాయిని చూసే ఘట్టం ఒకటి ఉంది. అక్కడ చూపు, గొంతు రెండూ ఆమెవే, వేరెవరూ చేయలేరు. ఈ పాత్రకు 1987లో తైవాన్ గోల్డెన్ హార్స్ పురస్కారం, 1989లో హాంకాంగ్ చలనచిత్ర పురస్కారం ఉత్తమ నటిగా ఆమెకు వచ్చాయి.

1997లో నగరం బ్రిటిష్ పాలన నుంచి చైనాకు అప్పగింత కావలసి ఉన్న నేపథ్యంలో, యాభై ఏళ్ళ తరువాత తిరిగివచ్చి తన నగరాన్ని గుర్తుపట్టలేని ఆ స్త్రీ కథను ప్రేక్షకులు తమ భయంగా చూసుకున్నారని విమర్శకులు ఎంతో రాశారు. రేవుపట్నం గారు చెప్పిన ‘కూతురు’ అన్న మాటకు ఈ చిత్రం కూడా కొంత కారణమని నాకనిపిస్తుంది. ఆమె చివరి రోజుల్లో ఆన్ హుయ్ తీసిన ‘జులై రాప్సొడీ’ 2002లో వచ్చింది. అందులో ఎదిగే వయసు కొడుకులున్న గృహిణిగా ఏ అలంకారమూ లేకుండా నటించారు. ఆ తరువాత చైనా దర్శకుడు జాంగ్ యిమో తీసిన ‘హౌస్ ఆఫ్ ఫ్లయింగ్ డాగర్స్’ చిత్రంలో కూడా ఆమెకు పాత్ర ఉండింది, కానీ తన సన్నివేశాలు తీయకముందే ఆమె చనిపోయారు. ఆ పాత్రకు మరొకరిని తీసుకోకుండా కథనే మార్చుకుని, ఆయన ఆ చిత్రాన్ని ఆమె స్మృతికి అంకితం చేశారు.

గుంటూరు వైద్యురాలు:

చర్చ చాలా బాగుంది. ఒక్క విషయంలో మాత్రం నా మనసుకు తోచింది చెప్పాలి. ఆమె పెళ్ళిగౌను వేసుకుని వేదికనే పెళ్ళాడానని చెప్పిన ఘట్టాన్ని అందరూ త్యాగంగా, అమరత్వంగా పొగుడుతుంటారు. నేను స్త్రీల వ్యాధుల వైద్యురాలిని. చికిత్స మధ్యలో ఉన్న మనిషి ఎనిమిది రాత్రులు అంతసేపు నిలబడి పాడడం, ఆ బరువైన దుస్తుల్లో మెట్లెక్కడం చూస్తుంటే నాకు మొదట భయమే కలిగింది. ఆమె సంకల్పాన్ని తక్కువ చేయడం లేదు. అక్కను అదే వ్యాధితో పోగొట్టుకున్న ఆమె, తన జబ్బు పేరును దాచకుండా నలుగురిలో చెప్పడమే నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ధైర్యం. ఆ పేరు పైకి చెప్పుకోలేక ఆలస్యంగా వచ్చే తల్లులను నేను ఈనాటికీ ఆసుపత్రిలో చూస్తున్నాను. ముందుగా పరీక్ష చేయిస్తే పట్టుకోగల, టీకాతో చాలావరకు నివారించగల వ్యాధి ఇది. ఆ టీకా వచ్చింది 2006లో, ఆమె పోయిన మూడేళ్ళకు.

రేవుపట్నం:

డాక్టరు గారూ, మీ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను, పైగా మీరు చెప్పిన కోణంలో నేను ఆలోచించలేదు. ఆ కచేరీలు వద్దని ఆమె మేలు కోరేవారు అప్పుడూ అన్నారు. అయినా నాలుగున్నరేళ్ళ వయసు నుంచి వేదిక తప్ప వేరే ఇల్లు ఎరుగని మనిషికి, ఆసుపత్రి గదిలో గడిపే రోజుల కంటే ఆ ఎనిమిది రాత్రులే బతుకు అనిపించి ఉంటాయని నేను నమ్ముతాను. ఆమె పెళ్ళి చేసుకోలేదు. తోడు, పిల్లలు ఉన్న ఇల్లు కావాలన్న కోరికను ఎన్నోసార్లు దాచుకోకుండా చెప్పారు. అందుకే ఆ తెల్లగౌను నాకు గెలుపు గుర్తుగా కనబడదు. దక్కనిదాన్ని దక్కనిదని అందరి ముందూ ఒప్పుకున్నట్టు కనబడుతుంది. ఆస్తి విషయంలోనూ ఆమె ముందుచూపుతోనే ఉన్నారు. మొత్తాన్ని ఒక ట్రస్టుకు అప్పగించి, తల్లికి నెలనెలా జీవనభృతి, అన్నా అక్కల పిల్లల చదువులకు డబ్బు ఏర్పాటు చేశారు. వీలునామా మీద తల్లి వేసిన దావా ఏళ్ళ తరబడి నడిచింది. చివరికి 2011లో అత్యున్నత న్యాయస్థానం కూడా వీలునామానే నిలబెట్టింది. దాని గురించి ఇంతకంటే రాయను.

స్వరాక్షరం:

వినే వరుస గురించి శ్రోత గారు అడిగినది మిగిలిపోయింది. భాష రానివారు వేగం ఉన్న పాటలతో మొదలుపెట్టకూడదని నా సలహా. ముందుగా 1984 నాటి ‘హోమ్‌కమింగ్’ చిత్రం కోసం జపాన్ స్వరకర్త కిటారో కట్టిన బాణీకి ఆమె పాడిన పాటను వినండి. కాలం నీటిలా ప్రవహిస్తుందన్న అర్థం ఉన్న పాట అది. అందులో వాద్యాలు తక్కువ, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో కూడా తెలుస్తుంది. తరువాత 1985 నాటి ‘మంజూషక’. ఆ పేరు మన సంస్కృతపు మాటే, బౌద్ధ గ్రంథాల ద్వారా చైనా, జపాన్ చేరిన పూవు పేరు. జపాన్‌లో మొమోయె యమగుచి పాడిన బాణీని ఈమె ఎంత నెమ్మదైన వేడితో పాడారో గమనించండి. ఈ రెండూ చెవికి అలవాటయ్యాక ‘చెడ్డ పిల్ల’ వినండి. అది షీనా ఈస్టన్ పాడిన ఆంగ్ల పాట బాణీ. మంద్రంలో నిలబడ్డ ఆ గొంతు హఠాత్తుగా ఎలా గరుకుతేలుతుందో అప్పుడు తెలుస్తుంది. 1997లో ఆమె మండరిన్‌లో పాడిన ‘స్త్రీ పుష్పం’ చైనా అంతటా ఎక్కువగా తెలిసిన పాట, కానీ దాన్ని తరువాత వినండి. ముందు కాంటనీస్‌కు చెవి అలవాటు పడనివ్వండి.

వాల్తేరు శ్రోత:

మీరు చెప్పిన వరుసలోనే ఈ వారం వింటాను. మా అక్కా బావా సంక్రాంతి సెలవుల్లో హాంకాంగ్ వెళ్ళాలనుకుంటున్నారు, నన్నూ రమ్మంటున్నారు. అక్కడ ఆమె గుర్తుగా చూడదగిన చోటు ఏదైనా ఉందా?

రేవుపట్నం:

తప్పకుండా వెళ్ళండి. చిమ్ షా చుయి రేవు ఒడ్డున తారల వీధిలో ఆమె కంచు విగ్రహం ఉంది, 2014 జులైలో ఆవిష్కరించారు. సాయంత్రం వెళితే ఎదురుగా నీటి మీద దీపాలు కనబడతాయి. మన తెలుగువాళ్ళు హాంకాంగ్ వెళ్ళినప్పుడు లాంటావు ద్వీపంలో పెద్ద బుద్ధుణ్ణి చూడటానికి తీగబండిలో కొండ మీదికి వెళ్ళడం పరిపాటి. ఆ విగ్రహానికి ఎదురుగా ఉన్న పో లిన్ బౌద్ధ మఠంలోనే ఆమె అస్థికలను ఉంచారు. చాలామంది ఆ సంగతి తెలియకుండానే బుద్ధుణ్ణి చూసి దిగి వచ్చేస్తారు, నేనూ మొదటి రెండుసార్లు అలాగే దిగి వచ్చాను. మీరు వెళ్ళినప్పుడు మఠంలోకి కూడా వెళ్ళి, అక్కావాళ్ళకు ఆమె ఎవరో చెప్పండి.